మిగిలిన బలానికి ఖరీదు

తులాదండాలు మూడు రకాలని బడిలో బట్టీ పట్టించారు. ఆధారం నడుమ ఉంటే మొదటి రకం, కత్తెర. భారం నడుమ ఉంటే రెండో రకం, అడకత్తెర. మన చేతి బలం నడుమ పడితే మూడో రకం, పట్టకారు. పరీక్షలో మార్కులు పడేవి, అంతటితో వాటి అవసరం తీరిపోయేది. ఆ మూడు రకాల వెనకా ఉన్నది ఒకటే బేరమని నాయనమ్మ తమలపాకుల పెట్టె దగ్గర తెలిసింది.

ఆవిడ అడకత్తెరకి ఇత్తడి పిడులు, ఉక్కు అలుగు. నేను వక్కను అలుగు కొసన పెట్టి నొక్కితే అది జారి ఎగిరి ఏ మూలకో పడేది. "కొసన పెడితే తెగదురా, లోపలికి నెట్టు" అనేది. చీల దగ్గరికి నెట్టి నొక్కితే నా పిల్లచేతికే పుటుక్కున తెగేది. చీలకు వక్క 2 సెంటీమీటర్ల దూరంలో, పిడికిలి 12 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి. పిడి మీద 5 కిలోల బరువు మోపినంత నొక్కుడికి వక్క మీద 30 కిలోలు పడతాయి. ఆరింతలు. అయితే అక్కడ అలుగు ఒక్క సెంటీమీటరు దిగాలంటే ఇక్కడ పిడికిలి ఆరు సెంటీమీటర్లు కదలాలి. పైగా లోపలికి పోయేకొద్దీ అడకత్తెర నోరు ఇరుకు, నిండు వక్క అక్కడ పట్టదు. అందుకే నాయనమ్మ ముందు వక్కను ఇవతలగా పెట్టి, రెండు చేతులా గట్టిగా నొక్కి చెక్కలు చేసేది. ఆ తర్వాతే వాటిని చీల దాకా నెట్టి, మాట్లాడుతూనే సన్నటి పలుకులు రాల్చేది. అడకత్తెరలో పోకచెక్క అని ఇరుకున పడ్డవాళ్లని అంటాం గానీ, ఆ ఇరుకుని ఎలా వాడుకోవాలో కత్తిరించేవాళ్లకి బాగా తెలుసు.

గునపానిదీ ఇదే లెక్క. పొలంలో బండ కదిలించేవాళ్లు గునపం మొనను దాని కిందికి దూర్చి, మొనకు దగ్గరగా ఓ చిన్న రాయి ఆనిక పెడతారు. ఒకటిన్నర మీటర్ల గునపానికి ఆనిక మొన నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చేతుల వైపు 140 సెంటీమీటర్లు మిగులుతాయి. 50 కిలోల మనిషి తన బరువంతా కొస మీద వేస్తే, బండ కింద 700 కిలోలు ఎత్తే బలం పుడుతుంది. కానీ చేతులు 70 సెంటీమీటర్లు దిగితే బండ లేచేది 5 సెంటీమీటర్లే. ఆ సందులో ఓ రాయి దోపి, ఆనికను కాస్త ఎత్తు చేసి, మళ్లీ మొదలు పెట్టాలి.

క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో ఈ సూత్రాన్ని రుజువు చేసి రాసిపెట్టినవాడు సిరక్యూస్ నగరపు ఆర్కిమెడీస్. నిలబడే చోటు చూపిస్తే భూమినే కదిలిస్తానన్నాడని చెబుతారు. లెక్క ప్రకారం తప్పేమీ లేదు. భూమి ద్రవ్యరాశి 6 పక్కన 24 సున్నాలు పెట్టినన్ని కిలోలు. అంత బరువును 60 కిలోలు ఎత్తే శక్తితో ఒక్క సెంటీమీటరు లేపాలంటే, చెయ్యి 1 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని కిలోమీటర్లు జరగాలి. అంత దూరం పోవడానికి వెలుతురుకే లక్ష ఏళ్లు దాటుతుంది. సూత్రం బలం సంగతి చూసుకుంది, దూరాన్ని ఆర్కిమెడీస్‌కి వదిలేసింది.

పనిముట్లన్నీ ఇలా బలం ఆదా చేసేవేనని అనుకుంటూ ఉండగా, నా చెయ్యే ఆ మాట కాదంది. మోచెయ్యి మడిచి అరచేతిలో 5 కిలోల బియ్యం సంచి పట్టుకుంటే, జబ్బ కండ ముంజేతి ఎముకను లాగేది మోచేతి కీలుకు నాలుగైదు సెంటీమీటర్ల దూరాన. సంచి ఉన్నది దాదాపు 35 సెంటీమీటర్ల దూరాన. అంటే ఆ కండ 35 కిలోల పైచిలుకు బరువును లాగుతున్నట్టే. చెయ్యి కదలనంతసేపూ పని సున్నా అంటుంది భౌతికశాస్త్రం. కండ మాత్రం బిగిసి ఉండటానికే శక్తి ఖర్చు చేస్తూ అలిసిపోతుంది. ఇంత నష్టపు బేరం దేనికంటే, ఆ కండ నాలుగైదు సెంటీమీటర్లు ముడుచుకుంటే చాలు, అరచెయ్యి కంచం దగ్గర్నుంచి నోటి దాకా వచ్చేస్తుంది. గునపం దూరం పోసి బలం కొంటే, చెయ్యి బలం పోసి దూరం కొంటోంది. నిప్పుకణిక తీసే పట్టకారుదీ చెయ్యి దారే.

రెండూ ఉచితంగా ఇచ్చే పనిముట్టు ఇంతవరకూ రాలేదు, రాదు కూడా. ఉన్న పనిముట్లూ చీల దగ్గరి రాపిడికి కొంత సమర్పించుకుంటాయి. నెల వాయిదా తగ్గించి ఏళ్లు పెంచే ఇంటి అప్పులో వడ్డీ ఎలాగో, ఈ రాపిడీ అలాగే. ఖర్చు తప్పించుకోలేం గానీ దాన్ని ఎక్కడ పెట్టాలో ఎంచుకోవచ్చు, ఆనికను అటో ఇటో జరిపినట్టు. అందుకే ఫలానా పని చాలా తేలికని ఎవరైనా చెబితే నేను కాదనను. ఎన్నాళ్లు పడుతుందని మాత్రం అడుగుతాను. వెంటనే అయిపోతుందంటే, ఎంత బరువని అడుగుతాను.