చంద్రుడి మీద ఊగిన లోలకం

పిల్లలూ, ముందుగా నేను చేసిన తప్పు ఒకటి చెప్పేస్తాను.

1974లో నేను ఇంటర్మీడియెట్ చదివేటప్పుడు మాకు లోలకం ప్రయోగం ఉండేది. దారానికి గుండు కట్టి ఊపాలి. ఇరవై ఊపులకు ఎన్ని సెకండ్లు పట్టిందో చూసి, దాన్నిబట్టి భూమి ఆకర్షణ లెక్క కట్టాలి. జవాబు 9.8 రావాలి. నాకు 10.9 వచ్చింది. మూడుసార్లు చేసినా అంతే! అవతల గంట కొట్టే వేళయింది. ఏం చేశాననుకున్నారు? పై తరగతి కుర్రాడి రికార్డు పుస్తకం తెచ్చి, అందులోని అంకెలు ఎక్కించేశాను. మాస్టారు ఎర్రసిరాతో సంతకం పెట్టారు. పొరపాటు ఎక్కడ జరిగిందో మాత్రం నాకు తెలియనే లేదు.

మొన్న దసరా సెలవులకు మా మనవరాలు వచ్చింది. ఏడో తరగతి చదువుతోంది. ఒకనాడు చూద్దును గదా, కంప్యూటరులో లోలకాన్ని ఊపుతోంది! అది బొమ్మే, కాని ఉత్త బొమ్మ కాదు. దారం పొడుగు పెంచితే నిదానంగానూ, తగ్గిస్తే వడిగానూ, అచ్చం నిజం లోలకంలాగే ఊగుతుంది. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఒకరైన కార్ల్ వీమన్, మరుసటి ఏడు అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ఇలాటి ప్రయోగాలు తయారుచేయించే పని ప్రారంభించారు. వాటిని ‘ఫెట్’ అంటారు. డబ్బివ్వకుండా ఎవరైనా వాడుకోవచ్చు.

“గుండు బరువు పెంచితే ఏమవుతుందే?” అని అడిగాను.

“ఇంకా జోరుగా ఊగుతుంది, తాతయ్యా!” అన్నది.

మీరూ అలాగే అనుకున్నారు కాబోలు! బరువు పదింతలు చేసి చూసింది. రవంత తేడా లేదు. తన ఊహ తప్పని తానే పట్టుకున్నప్పుడు ఆ పిల్ల మొహం చూసి తీరాలి. నేను పాఠం చెప్పి ఉంటే ఆవలించేది.

తరవాత లోలకాన్ని చంద్రుడి మీదికి తీసుకుపోయింది. అక్కడి ఆకర్షణ మన భూమి ఆకర్షణలో ఆరోవంతే కదా! మీటరు పొడుగు లోలకం భూమి మీద ఇరవైసార్లు ఊగటానికి 40 సెకండ్లు పడితే, అక్కడ 99 పట్టింది. ఏ బడిలో ఈ ప్రయోగం చేయించగలరు, చెప్పండి?

నేనూ ఒకసారి లెక్కపెడతానన్నాను, భూమి మీదనే. నాకు 38 సెకండ్లే వచ్చింది.

“వదిలేటప్పుడు ‘ఒకటి’ అంటున్నావు, తాతయ్యా! ‘సున్నా’ అనాలి. పంతొమ్మిది ఊపులే అయినాయి,” అన్నది మనవరాలు, బొమ్మను ఆపి చూపిస్తూ.

నాకు ఒళ్ళు ఝల్లుమన్నది. పంతొమ్మిదిని ఇరవై అనుకుంటే వచ్చే జవాబు సరిగ్గా 10.9! నేను ఆనాడు చేసిన పొరపాటు అదే.

ఇక ఊరుకోలేక, మీటరు దారానికి ఇత్తడి తాళంకప్ప కట్టి దూలానికి వేలాడదీశాం. ఈసారి సున్నా నుంచే లెక్కపెట్టాం. 41 సెకండ్లు. మళ్ళీ చేశాం, మళ్ళీ 41. మనవరాలు నోటు పుస్తకంలో 41 కొట్టేసి 40 వెయ్యబోయింది. “కంప్యూటరులో అంతే కదా!” అన్నది.

నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, 1974 నాటి సంగతి చెప్పాను. చెప్పటానికి సిగ్గేసింది. అది కాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత స్కేలు తెచ్చి తాళంకప్పను కొలిచింది. పది సెంటీమీటర్లున్నది.

“తాతయ్యా, కంప్యూటరులో పొడుగంటే గుండు నడిమి దాకా. మనం దారమే కొలిచాం!”

దారం అయిదు సెంటీమీటర్లు కురచ చేశాం. 40 వచ్చింది. కొట్టివేసిన 41 పక్కనే ఆ సంగతంతా రాసిపెట్టుకున్నది.

తాళంకప్ప ఇంకా దూలానికే వేలాడుతోంది. కొట్టుగదికి తాళం ఏదని మా ఆవిడ రోజూ అడుగుతోంది.