బొటనవేళ్లున్న సాలీడు

హాలోవీన్ అక్టోబరు 31న అయినా, డాలస్‌లో మా చుట్టుపక్కల దుకాణాల్లో సెప్టెంబరు నుంచే నల్ల కాగితాలు, నారింజరంగు కాగితాలు, అతికించే ప్లాస్టిక్ కళ్లు బారులు తీరతాయి. పాప ప్రీస్కూల్లో చేరిన ఏడాది నేనూ అవన్నీ మోసుకొచ్చాను. సాయంత్రాలు పక్కన కూర్చోబెట్టుకుని సాలీళ్లు, గబ్బిలాలు, దయ్యాలు చేయించాను. చేయించాననే అనుకున్నాను. దాచిన అట్టపెట్టె ఇప్పుడు తెరిస్తే, అందులో పాప చెయ్యి పడినవి చాలా తక్కువ. గీసింది నేను, కత్తిరించింది నేను, కళ్లు సరిగ్గా మధ్యలో పెట్టింది కూడా నేనే.

వాటిలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది సాలీడు. రెండు అరచేతులకూ నల్లరంగు పూసి, బొటనవేళ్లు ముడిచి, వేళ్లు చెరోవైపు చాచి ఉండేలా కాగితంమీద అద్దితే ఎనిమిది కాళ్ల సాలీడు వస్తుంది. పాప బొటనవేళ్లు ముడవలేదు. పది కాళ్లు వచ్చాయి. మర్నాడు బడికి పంపాలి కదా అని, తను నిద్రపోయాక ఆ రెండు వేళ్లూ కత్తెరతో తీసేసి, మిగిలింది వేరే కాగితానికి అతికించాను. పొద్దున పాప దాన్ని చాలాసేపు చూసి, "అమ్మా, నా బొటనవేళ్లేవి?" అంది. సాలీడుకి ఎనిమిదే కాళ్లుంటాయని చెప్పాను. తను మారు మాట్లాడలేదు. ఆ సాయంత్రం రంగులు ముందు పెడితే మాత్రం కాగితం నావైపు జరిపి, "నువ్వే చెయ్యి, నీకే బాగా వస్తుంది" అంది.

ఆ మాట నేను నేర్పిందే. నాలుగేళ్ల పిల్లకి తన చేతిమీద నమ్మకం పోవడానికి తిట్టనక్కర్లేదు. నిద్రపోయాక సరిదిద్దితే చాలు.

తిరిగి తనంతట తాను కుంచె పట్టడానికి చాలాకాలం పట్టింది. ఈలోగా నేను మార్చుకున్నది పనుల ఎంపిక. పెద్దవాళ్ల చెయ్యి పడితేగానీ పూర్తికాని బొమ్మను అసలు ఎంచుకోకూడదు. మూడేళ్ల పిల్లలు కత్తెరతో కాగితం అంచులు కసుక్కుమనిపించగలరు. వంపు గీత వెంట కత్తిరించడం మాత్రం సాధారణంగా అయిదేళ్లు వస్తేగానీ కుదరదు. అలాంటి చేతికి గబ్బిలం రెక్కలు కత్తిరించమని ఇచ్చి, రాలేదని నేను లాక్కున్నాను. తప్పు ఆ చేతిది కాదు.

ఇప్పుడు జిప్ సంచిలో ఒకపక్క ఎర్రరంగు, ఒకపక్క పసుపురంగు వేసి, మూతి బిగించి, దానిమీద టేపు వేసి కిటికీ అద్దానికి అంటిస్తాను. పిల్లలు పైనుంచి నొక్కుతూ పోతే కళ్లముందే నారింజరంగు పుడుతుంది. ఆ సంచిమీద నల్ల కాగితం ముక్కలతో కళ్లు, నోరు పెట్టుకుంటే గుమ్మడికాయ ముఖం. టాయిలెట్ పేపర్ అయిపోయాక మిగిలే అట్టగొట్టానికి గాజుగుడ్డ పట్టీ చుడితే మమ్మీ అవుతుంది. అడ్డదిడ్డంగా చుట్టినకొద్దీ మమ్మీలాగే ఉంటుంది, సరిదిద్దే పనే ఉండదు. పాదానికి తెల్లరంగు పూసి నల్ల కాగితంమీద అద్ది, తలకిందులుగా తిప్పితే మడమ తల అయి, వేళ్లు కింద కుచ్చులై దయ్యం తయారు. ఇది నడక రాని పిల్లలతో కూడా చేయించవచ్చు.

ఇంకో తప్పు దీనికన్నా ప్రమాదకరమైనది. తెలిసినవాళ్ల పిల్లలందరినీ పిలిచిన రోజు, పెద్దపిల్లల కోసం బల్లమీద పోసిన ప్లాస్టిక్ కళ్లలో ఒకటి, వాళ్లలో ఒకరి చిన్నతమ్ముడి నోట్లో కనిపించింది. వాళ్లమ్మ వేలు పెట్టి తీసేసింది, గండం గడిచింది. మమ్మీకి వాడే ఆ అట్టగొట్టంలోంచి జారిపోయే వస్తువు ఏదైనా మూడేళ్లలోపు పిల్లల గొంతుకు అడ్డుపడవచ్చు. చేతిలో ఆ గొట్టమే పెట్టుకుని నేను ఈ పరీక్ష చేయలేదు. ఇప్పుడు కళ్లు రంగుతోనే వేస్తాం. గుమ్మడికాయలో పెట్టే చిన్న దీపాల్లోని బటన్ బ్యాటరీలు అంతకన్నా ప్రమాదం. మింగితే రెండు గంటల్లోనే గొంతులోపల తీవ్రంగా కాలిపోతుంది. వాటి మూత పిల్లలు సులువుగా తెరవలేనట్టు ఉండాలని అమెరికాలో 2022లో చట్టమే వచ్చింది. పాత దీపాలు ఇంట్లో ఉంటే మూతకి స్క్రూ ఉందో లేదో చూడండి.

గుమ్మడికాయ చెక్కడం కూడా మానేశాం. ఐర్లాండ్, స్కాట్లాండ్‌లలో టర్నిప్ దుంపలను తొలిచి దీపం పెట్టే ఆచారం వలసవాళ్లతో అమెరికా వచ్చి, ఇక్కడ గుమ్మడికాయకు మారింది. చెక్కడం అందమైన పనే, కానీ కత్తి నా చేతిలో ఉన్నంతసేపూ పాప చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. పైగా ఇక్కడ అక్టోబరులోనూ ఎండ తగ్గదు. చెక్కిన కాయ కొద్దిరోజులకే బూజుపట్టి ముఖం లోపలికి కుంగిపోతే, అది చూసి పాప ఏడ్చింది. కోయని కాయ వారాలపాటు నిలుస్తుంది, దానిమీద ఎంతసేపైనా రంగులు వేసుకోవచ్చు. నీళ్లతో కడిగితే పోయే పిల్లల రంగు ఆ నున్నటి తొక్కమీద పెచ్చులూడుతుంది. అందులో కాస్త తెల్లజిగురు కలిపితే పట్టుకుంటుంది.

కిందటేడు మా అమ్మ వచ్చి ఉంది. పాప వేసిన ముఖం చూసి, "మన దిష్టి గుమ్మడికాయలా ఉందే!" అంది. మన ఊళ్లలో గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతారని, దానికి రాక్షసుడి ముఖం గీస్తారని మనవరాలికి చెప్పింది. "అయితే దీనికీ మీసాలుండాలి అమ్మమ్మా" అని పాప చెంపలదాకా మీసాలు దిద్దింది. ఒకటి పైకి, ఒకటి కిందికి పోయాయి. నా చెయ్యి కుంచె వైపు వెళ్లబోయింది. వెనక్కి తీసుకున్నాను.

రంగు వేసిన కాయ వంటకు పనికిరాదు. అందుకని ఓ చిన్న కాయకు రంగు తగలనివ్వకుండా పక్కన పెట్టాం. పండగైన మర్నాడు అమ్మ దాంతో దప్పళం పెట్టింది. కాయ కోసింది అమ్మ. లోపలి పీచూ గింజలూ చేత్తో తోడింది పాప. అందులో నేను వేలు పెట్టలేదు.