పిన్ని కంప్యూటర్ పీరియడ్

ప్రైమరీ స్కూల్లో కంప్యూటర్ టీచర్ అంటే మా బంధువుల్లో చాలామందికి అదొక ఉద్యోగంలా కనిపించదు. "పిల్లలచేత బొమ్మలు వేయించడానికి కూడా జీతం ఇస్తారా?" అని మా మేనత్త ఒకసారి నవ్వుతూ అడిగింది, అదీ తమిళంలో. మా ఇంట్లో నాన్నవైపు తమిళం, అమ్మవైపు తెలుగు. ఎత్తిపొడుపులు ఎక్కువగా తమిళంలో వస్తాయి, సర్దిచెప్పుకోవడం తెలుగులో జరుగుతుంది.

మా పిన్ని ఉత్తర చెన్నైలో సిస్టర్లు నడిపే ఒక ప్రైమరీ స్కూల్లో ఎనిమిదేళ్లుగా పనిచేస్తోంది. స్కూలు పేరు రాయడం లేదు. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించే ఉద్యోగం, ఏప్రిల్ వస్తే మళ్లీ అడగాలి కదా! ఈ జూన్‌లో మన సెలవులు ఇంకా మిగిలి ఉన్నప్పుడు, హెచ్‌ఎం సిస్టర్ అనుమతితో పదిరోజులు పిన్నికి సాయంగా ల్యాబ్‌కి వెళ్లాను.

ఒకటో క్లాసులో 42 మంది, పనిచేసే కంప్యూటర్లు 18. ఇద్దరికో ముగ్గురికో ఒక మౌస్. మొదటిరోజు సగంమంది పిల్లలు మౌస్ జోలికే పోలేదు, మానిటర్ మీద వేలు పెట్టి జరపడం మొదలుపెట్టారు. ఇంట్లో ఫోన్ అలవాటు. చెయ్యి బల్లమీద కదిలితే బాణం అక్కడెక్కడో తెరమీద ఎందుకు కదలాలో వాళ్లకు అంతుపట్టదు. చూపు ఒకచోట, చెయ్యి ఒకచోట ఉంచి పనిచేయడం నేర్పడానికే పిన్నికి రెండు వారాలు పడుతుంది. డబుల్ క్లిక్‌కి ఆమె దగ్గర ఒక చిట్కా ఉంది. "తలుపు తట్టండి" అంటుంది. పిల్లలు చుట్టాల్లాగా మర్యాదగా, ఆగి ఆగి తడతారు. "అలా కాదు, కొరియర్ అన్న తట్టినట్టు తట్టండి!" అంటే టకటకా ఫోల్డర్లన్నీ తెరుచుకుంటాయి.

ల్యాబ్ తలుపుమీద జీన్స్ వేసుకున్న ఒక అబ్బాయి ఫొటో ఉంది. అతను కార్లో అక్యూటిస్, 15 ఏళ్లకే 2006లో చనిపోయాడు. సొంతంగా వెబ్‌సైట్లు తయారుచేసిన ఈ ఇటలీ కుర్రవాణ్ని 2025 సెప్టెంబరులో పోప్ పునీతుడిగా ప్రకటించారు. పిల్లలు దండం పెట్టి, "ఇతను గేమ్స్ ఆడేవాడా మిస్?" అని అడుగుతారు.

పాఠం చెప్పడం పిన్ని పనుల్లో ఒకటి మాత్రమే. అసెంబ్లీలో మైకు, తెరమీద ప్రార్థన పాట మాటలు, ఈఎంఐఎస్‌లో పిల్లల వివరాలు, ప్రశ్నపత్రాల టైపింగు, క్రిస్మస్ ఆహ్వానాలు, ఆఫీసు ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం, అన్నీ ఆమె ఖాతాలోనే. కంప్యూటర్‌కి మార్కులు లేవు, గ్రేడు మాత్రమే. అందుకే పరీక్షలు దగ్గరపడితే లెక్కల మిస్ ఆ పీరియడ్ అడిగి తీసుకుంటారు. అలా తీసుకున్న పీరియడ్ తిరిగి ఇచ్చినవాళ్లను పిన్ని ఇంతవరకు చూడలేదట.

నాకు బాగా నచ్చింది మాత్రం మూడో క్లాసు. దానికి ఒక్క కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

1967లో పిల్లలకోసం లోగో అనే కంప్యూటర్ భాష వచ్చింది. తయారుచేసినవాళ్లలో సేమర్ పేపర్ట్, సింథియా సోలమన్ ఉన్నారు. తర్వాత దానికి తాబేలు తోడైంది. ముందుకు ఇంత, కుడికి ఇంత అని చెబితే కదిలి గీతలు గీస్తుంది. పిన్ని ఆ తాబేలును వరండాలోకి తెచ్చింది. ఒక పాప తాబేలు, ఇంకో పాప ఆజ్ఞలు ఇవ్వాలి. నేలమీద టైల్స్ గళ్లే దారి. "వెళ్లు" అని మాత్రం చెబితే తాబేలు గోడ తగిలేదాకా పోతుంది, అందరూ నవ్వుతారు. ఎన్ని గళ్లో చెప్పాలని అప్పుడు గుర్తొస్తుంది. తర్వాత కుడి ఎడమల గొడవ. ఎదురుగా నిలబడి చెప్పేవాళ్ల కుడి తాబేలుకి ఎడమ అవుతుంది. పిన్ని ఏమీ వివరించదు. చెప్పే పాపను తీసుకెళ్లి తాబేలు వెనక, అది చూసేవైపే నిలబెడుతుంది.

ఆ క్లాసులో కొత్తగా చేరిన ఒక బాబు ఉన్నాడు. వాళ్ల నాన్న భవనాల పనికి ఆంధ్రా నుంచి వచ్చాడు. బాబుకి తమిళం ఇంకా రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. వాడి వంతు వచ్చింది. "లెఫ్ట్" అన్నారు, కదల్లేదు. "ఇడదు, ఇడదు" అని నలభైమంది అరిచారు, తల ఇంకా దించుకున్నాడు. ఎవరో "మక్కు" అన్నారు. అది మొద్దు అని తిట్టడం. పిన్ని వాడి వెనక్కి వెళ్లి, "ఎడమపక్కకి తిరుగు నాన్నా, ముందుకి నడువు" అంది. వాడు టక్కున తిరిగాడు, కానీ నడవలేదు. మెడ తిప్పి, "ఎన్ని గళ్లు టీచర్?" అని అడిగాడు.

అంతకుముందు నడిచిన తాబేళ్లలో ఒక్కటీ ఆ ప్రశ్న అడగలేదు. పిన్ని అదే మాట తమిళంలో అందరికీ చెప్పింది. మర్నాటికి వరండాలో తమిళ పిల్లలు కూడా "ఎడమ, ఎడమ" అంటున్నారు. తమిళం వాడు ఎలాగూ నేర్చుకుంటాడు, ఇక్కడి బళ్లలో అది తప్పనిసరే. ఆ ఉదయం వాడికి కావాల్సింది ఒక్క మాట. అది తెలిసిన మనిషి ఆ స్కూల్లో కంప్యూటర్ టీచర్‌గా ఉంది. ఆ సంగతి ఈఎంఐఎస్‌లో ఏ గడిలో నింపుతారు?

మా మేనత్తకి ఇంకో విషయం కూడా చెప్పాను. అమెరికాలో కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ పొందిన మొదటి ఇద్దరిలో ఒకరు కాథలిక్ సిస్టర్, పేరు మేరీ కెన్నెత్ కెల్లర్, సంవత్సరం 1965. ఆమె కంప్యూటర్ విభాగం మొదలుపెట్టిన క్లార్క్ కాలేజీ అప్పట్లో మనదిలాగే అమ్మాయిల కాలేజీ. అత్త విని, "ఆవిడకి జీతం ఎంత?" అంది.

జూలై టైంటేబుల్‌లో మూడో క్లాసుకి వారానికి రెండు కంప్యూటర్ పీరియడ్లు ఒకటయ్యాయి. రెండోది లెక్కలకి పోయింది. పిన్ని హెచ్‌ఎం సిస్టర్‌ని అడిగి, మధ్యాహ్నం భోజనాల తర్వాత ఇరవై నిమిషాలు వరండా తీసుకుంది. దానికి జీతం లేదు. గళ్లమీద వేసే అంకెలకి రంగు చాక్‌పీసులు మొన్న పారీస్‌లో నేనే కొనిచ్చాను.