బొమ్మ తుపాకి, రేపటి ఆయుధం

వైజ్ఞానిక కల్పన అనగానే మన విమర్శకులలో చాలామంది పెదవి విరుస్తారు. అది పలాయనవాదమనీ, నేల విడిచిన సాము అనీ తీర్పు చెప్పి పక్కకు తప్పుకుంటారు. యీ తీర్పు యెంతవరకు నిలుస్తుందో తేల్చుకోవటానికి సిద్ధాంతాల జోలికి పోకుండా, వొక వస్తువును చేతిలోకి తీసుకొని చూస్తే మంచిదని నాకు తోచింది. ఆ వస్తువు వొక పిల్లల ఆట తుపాకి.

ధర్మసాగర్ నుంచి మా కాలేజీకి వచ్చే విద్యార్థి వొకడు వార్షికోత్సవ నాటిక కోసం దాన్ని మార్చి తయారు చేశాడు. నాటిక జరిగే కాలం యిప్పటికి 200 యేళ్ళ తర్వాత. వూరి చెరువును వొక కంపెనీ స్వాధీనం చేసుకొని కట్టమీద కాపలా పెడుతుంది. ధర్మసాగర్ నీళ్ళు తాగే హనుమకొండలో కూర్చొని చూసే ప్రేక్షకులకు యీ కథ విడమరచి చెప్పనక్కరలేదు. ఆ కాపలావాడి చేతికి భావికాలపు ఆయుధం కావలసి వచ్చింది.

బజారులో కొన్నది స్పంజి బాణాలు విసిరే ప్లాస్టిక్ తుపాకి. పసుపూ, నీలమూ రంగులు. మరలు విప్పి, లోపలి స్ప్రింగు తీసి పక్కన పెట్టాడు. వొంటిమీద వుబ్బెత్తుగా వున్న అక్షరాలను గరుకు కాగితంతో అరగదీశాడు. రెండు చిప్పలు కలిసేచోట గీత కనబడితే చాలు, అది బొమ్మ అని ముందు వరుసలోని వాళ్ళకు తెలిసిపోతుంది. కనుక ఆ గీతను లప్పంతో పూడ్చి మళ్ళీ రుద్దాడు. నున్నని ప్లాస్టిక్ మీద రంగు నిలవదు గనుక ముందు ప్రైమరు, ఆపైన నల్లరంగు. పాడైపోయిన టార్చిలైటు గొట్టం దూరదర్శిని అయింది. సైకిలు ట్యూబు ముక్క పిడికి చుట్టుకుంది. పాత మిక్సీ మీట వొకటి యేదో మహాశక్తిని అదుపు చేసే మీటయి కూర్చున్నది!

చిక్కు వెండిరంగు దగ్గర వచ్చింది. ఆయుధం వాడినదిగా కనిపించాలంటే దాదాపు ఆరిన కుంచెతో ఆ రంగును అంచులకు తాకించాలి. మనవాడు వుత్సాహం కొద్దీ వొళ్ళంతా పూశాడు. అది పెళ్ళిపందిట్లో గుంజలా తయారయింది. కాజీపేటలో మోటారు బండ్లకు రంగులు వేసే వొకాయన చూసి, "చెయ్యి తాకిన కాడనే అరుగుతది తమ్మీ. గొడ్డలి కామ చూడు, కొడవలి పిడి చూడు" అన్నాడట. వాస్తవికత గురించి మన పత్రికలలో వచ్చిన అనేక వ్యాసాల కంటె యీ మాట సూటిగా వుంది.

1977లో విడుదలైన "స్టార్ వార్స్" చిత్రం నడిచిందీ యీ సూత్రం మీదనే. సెట్ల అలంకరణ చూసిన రోజర్ క్రిస్టియన్ చేతిలో డబ్బు చాలక, నిజమైన పాత తుపాకులకే పాత సామాను అతికించాడు. హాన్ సోలో అనే వీరుడి ఆయుధం 1896 నాటి నమూనా జర్మన్ మౌజర్ పిస్తోలు; దానికి వొక దూరదర్శిని తగిలించారు. యీ మౌజర్‌ను మన పాఠకులు వేరేచోట యెరుగుదురు. రష్యా అంతర్యుద్ధంలో కమిస్సార్ల నడుముకు వేలాడినదీ, మయకోవ్‌స్కీ గేయంలోకి యెక్కినదీ, 1927లో నాన్‌చాంగ్ తిరుగుబాటు నాడు చూ టే చేతబట్టినదీ అదే. విప్లవకారుల పిస్తోలు చివరకు అంతరిక్షంలో దొంగరవాణా చేసేవాడికి దక్కింది! సామ్రాజ్య సైనికుల తుపాకి సంగతి మరీ విచిత్రం. అది బ్రిటిష్ స్టెర్లింగు. గొట్టం చుట్టూ ప్లాస్టిక్ పట్టీలు అంటించారు. ఆ స్టెర్లింగునే మన దేశంలో లైసెన్సు మీద కాన్పూరులో తయారు చేశారు. దశాబ్దాలపాటు మన పోలీసుల భుజాన వేలాడిన కార్బైను అదే. అంటే, సుదూర నక్షత్ర మండలంలో సామ్రాజ్యం పట్టుకు తిరిగే ఆయుధాన్ని వరంగల్లు పల్లెల జనం సినిమా చూడకముందే చూసి వున్నారు. దీన్ని నేల విడిచిన సాము అనటం యెట్లా?

మన బొమ్మ తుపాకి గొట్టం చివర నారింజరంగు ముక్క వొకటి వుంది. ఆట తుపాకులకు యిటువంటి గుర్తు వుండాలని అమెరికాలో 1988లో చట్టం చేశారు. దానికి కూడా నల్లరంగు వేస్తానన్నాడు విద్యార్థి. "స్టేజి మీదనే గద సార్, యేమైతది?" అన్నాడు. నేను వొప్పుకోలేదు. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్ నగరపు పార్కులో టామిర్ రైస్ అనే 12 యేళ్ళ నల్లపిల్లవాడి దగ్గర వున్న బొమ్మ తుపాకికి ఆ నారింజ ముక్క లేదు. పోలీసు కారు వచ్చిన రెండు సెకన్లలోపే కాల్చారు, పిల్లవాడు చనిపోయాడు. కాల్చినవాడిమీద నేరారోపణ చేయటానికి 2015లో గ్రాండ్ జ్యూరీ నిరాకరించింది. రంగు వుంటే బతికేవాడని నేననను. నల్లవాడి చేతిలో రంగు యెవరికి కనబడుతుంది? అయినా, 1946–51 మధ్య వడిసెలలూ భర్మార్లూ పట్టిన నేలమీద, ఆ తర్వాత "యెదురుకాల్పులు" అనే మాటకు వేరే అర్థం నేర్చుకున్న నేలమీద, నల్లని గొట్టం బయటపెట్టుకొని వొక యువకుడు బస్సెక్కటాన్ని నాటకం అని యెవరూ అనుకోరు. చివరకు ప్లాస్టిక్ పైపు ముక్కకు నల్లరంగు వేసి, తొడిగి తీసేటట్లు చేశాడు. తెరవెనక తొడుగుతాడు. దారిలో తుపాకి గోనెసంచిలో వుంటుంది, నారింజ ముక్కతోనే.

యింత శ్రమా అయిన తర్వాత నాటికలో వొక లోటు బయటపడింది. కాపలావాడి ఆయుధానికి నమూనా బజారులో దొరికింది, సినిమాలో దొరికింది. అతనికి యెదురు నిలబడే రైతుల చేతిలో యేముండాలో యెవరూ రాయలేదు. 200 యేళ్ళ తర్వాత వాళ్ళు పట్టబోయే పనిముట్టుకు యే కంపెనీ బొమ్మ తయారు చేయదు. పార అని వొకరు, వడిసెల అని వొకరు అన్నారు. అవి నిన్నటివని వొక అమ్మాయి అడ్డం తిరిగి, తూము తెరిచే యినుపచక్రం వాళ్ళ చేతిలో వుండాలన్నది. యిప్పుడు ఆ చక్రాన్ని అట్టతో చేయాలా, పాత సైకిలు రిమ్ముతో చేయాలా అన్న తగాదా నడుస్తున్నది. రంగులాయన రిమ్మే మేలంటున్నాడు; అరుగుదల దానికి ముందే వుందట.