ఒక బైటు, ఒక రేషన్ కార్డు

మీ ఇంట్లో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలుంటే ఓసారి అడిగి చూడండి, "ఎథిక్స్ పేపర్లో ఏం చెప్పారమ్మా?" అని. విలువలు, వాటి రకాలు, వృత్తి ధర్మాలు... పరీక్ష ముందు రాత్రి చదివిన యూనిట్లన్నీ గడగడా అప్పజెప్పేస్తారు. తప్పు వాళ్ళది కాదు. ఆ పేపరునొక గదిలో, ప్రోగ్రామింగ్ ల్యాబునింకో గదిలో పెట్టింది మనం. ఈ మాటలు ల్యాబులోనే, కోడు నేర్పే మాస్టారి నోటితోనే వినబడాలని నా పట్టుదల.

ఎలాగంటారా? ఒక బైటులో 0 నుంచి 255 దాకానే పడుతుందని, ఆపైన ఇంకొకటి కలిపితే మళ్ళీ సున్నాకొస్తుందని మొదటి ఏడాదే చెబుతాం కదా. అక్కడే ఆగి, థెరాక్-25 సంగతి చెప్పాలి. కెనడా ప్రభుత్వ సంస్థ తయారుచేసిన రేడియేషన్ యంత్రమది, క్యాన్సర్ రోగుల కోసం. 1985-87 మధ్య ఆరుగురికి ఇవ్వాల్సినదానికన్నా ఎన్నో రెట్లు రేడియేషన్ తగిలింది. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1987 జనవరిలో అమెరికాలోని యాకిమాలో జరిగిన ప్రమాదం వెనక ఉన్నది ఒకే ఒక్క బైటు. అందులో సున్నా కాక ఏ అంకె ఉన్నా యంత్రం భాగాలు సరైన చోట ఉన్నాయో లేదో తనిఖీ చెయ్యాలి, సున్నా ఉంటే అక్కర్లేదు. అందులో సున్నా కాని ఏదో ఒక అంకె పెట్టి ఊరుకుంటే సరిపోయేది. అలా కాకుండా ప్రతిసారీ ఒకటి కలుపుతూ పోయారు. 256వ సారికి సున్నా! సరిగ్గా ఆ క్షణంలోనే ఆపరేటర్ బటన్ నొక్కితే, తనిఖీ లేకుండానే యంత్రం పని మొదలుపెట్టేస్తుంది.

ఇక్కడితో ఆపితే అది ఉత్త ప్రోగ్రామింగ్ పాఠం. పాత మోడళ్ళలో ఇలాంటి పొరపాటును అడ్డుకునే హార్డ్‌వేర్ రక్షణలుండేవి. సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందిలే అని కొత్తదాంట్లో తీసేశారు. తీసేద్దామన్నప్పుడు ఆ గదిలో నువ్వుంటే ఏమనేవాడివి? ఆ ప్రశ్న పిల్లల ముందు పెట్టి, జవాబు కోసం ఓపిగ్గా కూర్చోవాలి.

ఇది గాలిలో మేడ కాదండీ. హార్వర్డ్‌లో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ బార్బరా గ్రోజ్, తత్వశాస్త్రం ప్రొఫెసర్ అలిసన్ సిమన్స్ కలిసి 2017లో ఈ పద్ధతి మొదలుపెట్టారు. తత్వశాస్త్రం చదివినవాళ్ళు కంప్యూటర్ క్లాసుల్లోకే వచ్చి, ఆ రోజు పాఠానికి తగ్గ నైతిక ప్రశ్నను చర్చకు పెడతారు. సిలబస్ అయ్యేదెప్పుడని మన అధ్యాపకులు అడుగుతారు, న్యాయమే. కానీ దీనికి కావలసింది కొత్త సబ్జెక్టు కాదు, ఉన్న పాఠంలో పావుగంట.

మనకైతే ఉదాహరణ కోసం సముద్రాలు దాటక్కర్లేదు. రెండు పేర్ల మధ్య ఎన్ని అక్షరాల తేడా ఉందో లెక్కగట్టే ఎడిట్ డిస్టెన్స్ అనేది అల్గారిథమ్స్ క్లాసులో చెప్పేదే. మన పేర్లు తీసుకోండి. వెంకటేశ్వర్లును ఇంగ్లీషులో ఒక్కో ఆఫీసులో ఒక్కోలా రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒట్టి పొడి అక్షరం. ఇక ఒకే వీధిలో నలుగురు మహమ్మద్‌లు ఉండొచ్చు. తెలంగాణ ప్రభుత్వం సమగ్ర వేదిక పేరుతో రకరకాల శాఖల రికార్డులను కలిపి, ఏ రికార్డు ఏ మనిషిదో పోల్చి చూసే ఏర్పాటు చేసింది. రేషన్ కార్డుల ఏరివేతలోనూ దాన్ని వాడారు. పక్కింటాయన కారు పొరపాటున ఒక పేదవాడి పేరున పడితే, కారుందన్న కారణంతో ఆ పేదవాడి ఇంటికి బియ్యం ఆగిపోతాయి. 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఈ లెక్కనే ల్యాబులో ఇవ్వండి. కల్పిత పేర్లతో రెండు పట్టికలు, ఒకటి రేషన్ కార్డులది, ఒకటి కార్ల యజమానులది. పేర్ల పోలిక 85 శాతం దాటితే ఒకే మనిషి అనుకొమ్మనండి, తర్వాత దాన్ని 95 చెయ్యమనండి. ఎవరి కార్డు ఉంటుందో, ఎవరిది పోతుందో పిల్లలే కళ్ళారా చూస్తారు. ఆ అంకె ఎవరు నిర్ణయించాలని వాళ్ళే అడుగుతారు. ఇక వైవాలో, కార్డు రద్దు చేసే లైను కంటే ముందు ఆ ఇంటికి నోటీసు వెళ్ళే లైను ఎక్కడ పెట్టావని అడగాలి. ప్రోగ్రామ్ సరిగ్గా నడిచినందుకు ఎన్ని మార్కులో, ఆ జవాబుకీ అన్ని మార్కులుండాలి.