నడుమ వారం

ఆకాశం చూసి శరదృతువు వచ్చిందని చెప్పుకునే యోగం మాకు లేదు. కొత్తగూడలో మా పదకొండో అంతస్తు బాల్కనీలో నిలబడితే ఎదురు టవర్ బాల్కనీ, దాని పక్కన ఇంకా కడుతున్న టవర్, దాని నెత్తిన క్రేను కనబడతాయి. మిగిలిన జానెడు ఆకాశం నీలంగా ఉందో బూడిదరంగులో ఉందో తేల్చుకోవాలంటే మెడ బయటికి చాచాలి. మా ఇంటామె అలా చాచనివ్వదు. అయినా ఋతువు మారిన సంగతి ఈ ఇంట్లో నాకు పక్కాగా తెలుస్తుంది. అన్నం తినే వేళ మారుతుంది.

మా అబ్బాయి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో కూర్చుని లండన్ బ్యాంకు పని చేస్తాడు. కోడలు ఇంట్లోనే చిన్నగదిలో తలుపేసుకుని డాలస్ క్లయింటు పని చేస్తుంది. ఏటా చలికాలం ముందు ఆ రెండు ఊళ్లవాళ్లూ గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పుకుంటారు. మన గడియారం కదలదు కాబట్టి ఇక్కడ పని వేళలన్నీ గంట ముందుకు జరగాల్సిందే. ఎండాకాలంలో డాలస్‌లో పొద్దున తొమ్మిదంటే ఇక్కడ రాత్రి ఏడున్నర, నవంబరు నుంచి ఎనిమిదిన్నర. లండన్‌లో మధ్యాహ్నం రెండున్నరంటే ఇక్కడ ఏడు, తర్వాత ఎనిమిది. జనగామ వైపు బళ్లలో ముప్పై ఏండ్లకు పైగా గంట కొట్టించినవాణ్ని. సముద్రాల అవతల ఎవరో ముల్లు తిప్పితే మా వంటింట్లో కుక్కరు కూత వేళ మారడమేమిటని మొదట్లో ఉడికిపోయేవాణ్ని.

ఆ మాటే ఒకసారి కోడలితో అన్నాను.

"మరి మన పంచాంగం తక్కువదా మామయ్యా?" అంది. "వాళ్లు జరిపేది ఒక్క గంట. అది కూడా ఏ ఆదివారం జరుపుతారో పదేండ్ల ముందే చెప్పొచ్చు. మనం 2020లో ఏకంగా నెల జరపలేదా?"

నిజమే. ఆ ఏడు అధిక ఆశ్వయుజం పడింది. సెప్టెంబరులో పెత్తరమాస అయిపోయింది, దసరా మాత్రం అక్టోబరు 25 దాకా రాలేదు. ఎంగిలిపూల బతుకమ్మ ఆడి, మిగతా బతుకమ్మ కోసం నెల రోజులు కూర్చున్నాం. అధిక మాసం లేని ఏడాది మాత్రం సుఖమా? సద్దుల బతుకమ్మ ఇయ్యాల్నా రేపా అని ఒక పంతులు ఒకటి, ఇంకో పంతులు ఇంకొకటి చెబుతారు. టీవీలో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడతారు. మధ్యలో కోడలు సెలవు చీటీ ఏ తేదీకి పెట్టాలో తెలియక నా మొహం చూస్తుంది. నేను గుళ్లో అయ్యగారి మొహం చూస్తాను.

పూలు మాత్రం ఏ పంచాంగాన్నీ అడగవు. వానలు వెనకపట్టు పట్టే వేళకు గునుగు, తంగేడు చౌరస్తాకు దిగిపోతాయి. మా చిన్నప్పుడు చెలకలో ఎంత తెంపినా అడిగేవాడు లేని గునుగు ఇక్కడ కట్ట లెక్కన కొనాలి. మా ఇంటామె బేరమాడే తీరు చూస్తే అమ్మే పిల్ల మీద నాకే జాలి కలుగుతుంది. కొన్న తర్వాత ఇల్లంతా పాత పేపర్లే. గునుగు కాడల్ని సమానంగా కోసి, పిడికెడేసి కట్టి, తెల్లటి కొసల్ని గిన్నెలో కలిపిన గులాబీరంగులో ముంచి, తలకిందులుగా ఆరబెడుతుంది. ఆ వారమంతా మా చట్నీ గిన్నె చట్నీకి పనికిరాదు. ఆమె వేళ్లకు అంటిన రంగు దసరా దాటినా పోదు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. ఇంటిల్లిపాదికీ నడుము చాపుకునే రోజు అదొక్కటే.

సాయంత్రం కింద క్లబ్ హౌస్ ముందు పెడతారు. కోడళ్లు, అత్తలు, తెలుగు రాని ఉత్తరాది పిల్లలు కూడా చప్పట్లు కొడుతూ తిరుగుతారు. నిమజ్జనానికి మాత్రం ప్లాస్టిక్ టబ్బే దిక్కు. మైలు రెండు మైళ్ల దూరంలో దుర్గం చెరువు ఉంది, ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీళ్లిచ్చిన చెరువు. 2020 సెప్టెంబరులో దాని మీద తీగల వంతెన తెరిచాక జనం అక్కడికి సెల్ఫీ దిగడానికి వెళుతున్నారు. టబ్బు చుట్టూ నిలబడి మలీద, సత్తుపిండి పంచుకుంటుంటే నాకు కొంచెం నవ్వొస్తుంది. మా ఇంటామెకు రాదు. "నీళ్లు నీళ్లే గద" అంటుంది.

మనవడు రెండో తరగతి. వాడి బడి పుస్తకంలో ఈ కాలం బొమ్మ ఉంది. చెట్టు నిండా నారింజరంగు ఆకులు, కింద రాలిన ఆకుల కుప్ప, మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకున్న పిల్ల. "తాతా, మన దగ్గర ఎప్పుడు రాలతయి?" అని అడిగాడు. బొటానికల్ గార్డెన్‌కు తీసుకుపోయి చూపించాను. అక్టోబరులో ఉన్నంత పచ్చగా మరే నెలలోనూ ఉండదు. మన రావి, మన వేప ఆకు రాల్చేది మాఘ ఫాల్గుణాల్లో, అంటే వాడి పరీక్షలప్పుడు. ఇప్పుడు రాలేవి ఆకాశమల్లెలు. రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి గేటు బయట ఆగిన కార్ల మీద తెల్లగా పరుచుకుంటాయి. స్కూలు బస్సు వచ్చేలోగా వాడు నాలుగు ఏరి, పొడుగాటి కాడ చివర నోట్లో పెట్టుకుని ఊదాలని చూస్తాడు. దసరా నాడు వాణ్ని పాలపిట్ట కోసం కూడా తిప్పాను. పాలపిట్ట, జమ్మి, తంగేడు మూడూ మన రాష్ట్ర చిహ్నాలే, మూడూ ఈ పండుగ సరుకే. వాడు తీగ మీది ప్రతి పావురాన్నీ చూపించి "ఇదేనా?" అన్నాడు. చివరికి ఒకటి నిజంగానే దొరికింది. రెక్క విప్పినప్పుడు నీలం కనబడేసరికి అరిచాడు, అది లేచిపోయింది.

ఇక సీతాఫలాలు. మహబూబ్‌నగర్ వైపు బాలానగర్ కాయకు పేరు. మా చౌరస్తాలో ప్రతి బుట్టా బాలానగర్‌దే అంటారు, నమ్మనక్కర్లేదు. పండినవి కొంటే ఇంటికి చేరేలోగా సంచిలోనే చితుకుతాయి. అందుకని కండ్లు తెరిచిన కాయలు ఏరుకోవాలి. గడికీ గడికీ నడుమ గీత విచ్చుకుని తెల్లగా, పసుపుగా కనబడితే కండ్లు తెరిచినట్టు. కండ్లు మూసుకున్నది ఎన్నాళ్లు పెట్టినా నల్లబడి రాయవుతుంది. తెచ్చి బియ్యం డబ్బాలో పూడ్చిపెడతాను. చిక్కేమిటంటే అన్నీ ఒకే పూట పండుతాయి. పొద్దున గట్టిగా ఉన్నవి సాయంత్రానికి వేలు పెడితే దిగిపోతాయి. ఆ రాత్రి అందరూ కూర్చుని తినాల్సిందే, రేపటికి ఆగవు.

అందరూ కూర్చోవడమే ఈ ఇంట్లో కుదరని పని. మామూలు రోజుల్లో కోడలు ఏడున్నరకు తలుపేసుకుంటే తొమ్మిదికి తీస్తుంది. అబ్బాయి ఎనిమిదిన్నరకు వచ్చి కొడుకుతో తింటాడు. నవంబరు పడ్డాక కోడలి మీటింగు ఎనిమిదిన్నరకు జరుగుతుంది కాబట్టి ఏడున్నరకే పిల్లాడితో కలిసి తింటుంది. అబ్బాయి వచ్చేసరికి తొమ్మిదిన్నర, వాడు నిద్రపోతుంటాడు. టెక్సస్ ఇచ్చిన గంటను లండన్ పట్టుకుపోతుంది.

కానీ రెండూ ఒకే రోజు మారవు. లండన్ అక్టోబరు చివరి ఆదివారం మారితే, అమెరికా నవంబరు మొదటి ఆదివారం మారుతుంది. నడుమ సరిగ్గా ఒక వారం. పూర్వం ఇద్దరూ ఒకే ఆదివారం తిప్పుకునేవాళ్లట. కరెంటు ఆదా అవుతుందని 2005లో అమెరికా వాళ్లు ఒక చట్టం చేసి, 2007 నుంచి తమ తేదీని వారం ఆలస్యంగా పెట్టుకున్నారు. కరెంటు ఎంత మిగిలిందో వాళ్లకే తెలియాలి. నాకు మాత్రం ఆ చట్టం మీద అభిమానం.

ఎందుకంటే ఆ వారం లండన్ మారిపోయింది గనక కొడుకు రాడు, టెక్సస్ మారలేదు గనక కోడలు తలుపు తీయదు. పిల్లాడికి తాత, నానమ్మే దిక్కు. 2024లో దీపావళి కూడా ఆ వారంలోనే పడింది. కింద బాంబులు పేలుతుంటే కోడలు మ్యూట్ నొక్కుతూ, తీస్తూ గదిలో నెగ్గుకొచ్చింది. వాణ్ని కిందికి తీసుకుపోయి కాకరపువ్వొత్తులు కాల్పించింది మేమే.

తక్కిన రోజుల్లో మా ముగ్గురి పని సీతాఫలం. పళ్లెం నడుమ పెట్టుకుని కూర్చుంటాం. గుజ్జు మింగి ఎవరి గింజలు వాళ్లు ముందు పేర్చుకోవాలి, ఎవరివి ఎక్కువైతే వాళ్లు గెలిచినట్టు. వాడు నా గింజలు దొంగిలిస్తాడు. నేను మా ఇంటామెవి దొంగిలిస్తాను. నడుమ కోడలు నీళ్లకని బయటికొచ్చి, చెవిలో డాలస్ మాట్లాడుతుండగానే ఒక తొన తీసి నోట్లో వేసుకుని, గింజ వాడి కుప్పలో ఉమ్మి వెళుతుంది. అది లెక్కకు రాదని నేను, వస్తుందని వాడు. తీర్పు నానమ్మది, ఎప్పుడూ వాడికే. తర్వాత చిన్నప్పటి మా ఊరి కథ ఒకటి అడుగుతాడు, అదే వాళ్ల నాన్న ఉంటే ఫోను అడుగుతాడు.

నవంబరు మొదటి సోమవారం రాత్రి ఏడున్నరకు కోడలు వచ్చి బల్ల దగ్గర కూర్చుని, "ఇయ్యాల నుంచి నేను తినిపిస్త మామయ్యా, మీకు విశ్రాంతి" అంది. విశ్రాంతి ఎవరడిగారు! ముభావంగా పెరుగన్నం కలుపుకుంటుంటే మా ఇంటామె కనిపెట్టేసింది. మార్చిలో అమెరికా వాళ్లు రెండో ఆదివారమే ముందుకు తిప్పుకుంటారట, లండన్ వాళ్లు చివరి ఆదివారం దాకా ఆగుతారట, అప్పుడు రెండు మూడు వారాలు పిల్లాడు మళ్లీ మనకే అని కోడలి దగ్గర ముందే లెక్క కట్టించి పెట్టుకుంది. బాగానే ఉంది. కానీ మార్చిలో సీతాఫలాలుండవు. ద్రాక్ష వస్తుంది, అదీ గింజల్లేనిది. వాడితో దేనికి పోటీ పెట్టాలి?