ముందు నాడాలు మార్చండి

2024 జూన్‌లో, నలభై ఏడేళ్ళ వయసులో, నేనొక మస్టాంగ్ కొన్నాను. కొత్తదేం కాదు. 2017 మోడల్ జీటీ, మాన్యువల్ గేర్లు, నీలం రంగు, ముప్ఫై ఒక్క వేల మైళ్ళు తిరిగిన బండి. (జుట్టు పల్చబడ్డాక ఇలాంటి కారు కొనేవాళ్ళ మీద మీకు తోచే జోకులన్నీ మా ఆవిడ ఇప్పటికే వేసేసింది. కాబట్టి మీరు శ్రమ పడక్కర్లేదు.)

మేముండేది డెట్రాయిట్ శివార్లలో. ఇక్కడ ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద పాత కార్ల తిరనాళ్ళ జరుగుతుంది. 1995లో మొదలైన సంబరం. నేనీ ఊరు వచ్చిన కొత్తలో ఎవరో స్నేహితుడు తీసుకెళ్తే వెళ్ళాను. అప్పట్నుంచీ మడతకుర్చీ వేసుకుని రోడ్డు పక్కన కూర్చోవడం అలవాటైపోయింది. ఇంట్లో క్యామ్రీ, మినీవ్యాన్. కళ్ళెదురుగా వెళ్ళేవేమో ఇవీ! మనకీ ఒకటుంటే బావుండును అనిపించదూ?

అసలు మజిల్ కార్ అంటే ఏమిటని అడిగేవాళ్ళకి రెండు ముక్కలు. పెద్ద కారులో పెట్టాల్సిన ఇంజన్ని మధ్యరకం కారులో కుక్కితే అది మజిల్ కార్. 1964లో పాంటియాక్ కంపెనీ జీటీఓతో ఈ వరస మొదలయిందని ఎక్కువమంది అంటారు. చాదస్తులైతే మస్టాంగ్ మజిల్ కారే కాదు, పోనీ కార్ అంటారు. అననివ్వండి. డాడ్జ్ ఛాలెంజర్ తయారీ 2023 చివర్లో ఆగిపోయింది, షెవర్లే కమారో కూడా ఆగిపోయింది. ఇంకెన్నాళ్ళు వాయిదా వేస్తాంలే అని నేనూ తెగించాను.

సరే, అసలు విషయానికొద్దాం. ఇలాంటి బండి కొన్న ప్రతివాడికీ మొదటి వారంలోనే ఒక జబ్బు పట్టుకుంటుంది. దీన్ని ఇంకొంచెం స్పీడు ఎలా చేద్దామా అన్న జబ్బు. బండిలో ఉన్నది అయిదు లీటర్ల వీ8, 435 హార్స్‌పవర్. నేను ఆఫీసుకెళ్ళే దారిలో ఇందులో నాలుగో వంతు వాడినా గొప్పే. అయినా సరే, మూడో రోజుకల్లా నా దగ్గరో స్ప్రెడ్‌షీట్ తయారయింది (మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా). గాలి ఎక్కువ పీల్చుకునే ఇన్‌టేక్, ఇంజన్ కంప్యూటర్‌కి కొత్త ట్యూన్, ఎగ్జాస్ట్, బండిని ఓ అంగుళం కిందికి దించే స్ప్రింగులు, చిట్టచివర, అప్పు చేసైనా, సూపర్‌చార్జర్. ఒక్కోదాని పక్కన ధర, పెరిగే హార్స్‌పవరూ, ఒక్కో హార్స్‌పవర్‌కీ ఎన్ని డాలర్లు పడుతున్నాయో లెక్క. చూసుకుని మురిసిపోయాను.

ఆ స్ప్రెడ్‌షీట్‌లో టైర్ అన్న మాటే లేదు.

నిజానికి ఈ పాఠం నాకు పాతికేళ్ళ క్రితమే గుంటూరులో ఒకసారి వచ్చింది. ఇంజనీరింగ్ చదివేటప్పుడు మా రూమ్మేట్ దగ్గర యమహా ఆర్ఎక్స్100 ఉండేది. ఆ రోజుల్లో ఆ బండి ఉన్నవాడే హీరో. వాడు చేసిన మొట్టమొదటి పని సైలెన్సర్ లోపలి గొట్టం పీకేయించడం. వీధి చివర మలుపు తిరుగుతుండగానే మెస్‌లో కూర్చున్న మాకు వాడొస్తున్నాడని తెలిసిపోయేది. వెనక టైరు మాత్రం అరిగి అరిగి అరటిపండు తొక్కలా ఉండేది. "దాన్దేముందిరా, ఇంకో ఆర్నెల్లు లాగుద్ది" అనేవాడు. ఆర్నెల్లు లాగలేదు. మొదటి వానకే కాలవగట్టు మీద జారి పడి, మోచెయ్యి విరగ్గొట్టుకుని, సెమిస్టర్ పరీక్షలు ఎడంచేత్తో రాశాడు. మేమందరం తెగ నవ్వుకున్నాం. పాతికేళ్ళు తిరిగేసరికి సరిగ్గా అదే పని చెయ్యడానికి డాలర్లు పోగేసుకున్నాను నేను.

నవంబర్ మొదటి శనివారం. పొద్దున్నే మా అమ్మాయిని డాన్సు క్లాసుకి తీసుకెళ్ళాలి. దానికప్పుడు పద్నాలుగేళ్ళు. వ్యాన్ మా ఆవిడకి కావాలి కాబట్టి మస్టాంగ్ తీశాను. బయట 38 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో మూడు సెల్సియస్. రాత్రి పడ్డ వానకి రోడ్డు తడితడిగా ఉంది. ఆర్చర్డ్ లేక్ రోడ్ మీంచి ఐ-696 ఎక్కే ర్యాంపు మీద, వంపు ఇంకా పూర్తి కాకుండానే, రెండో గేర్లో కాలు కాస్త గట్టిగా నొక్కాను. గట్టిగా అంటే మరీ అంత గట్టిగానూ కాదు. వేసవంతా అదే ర్యాంపు మీద అంతకంటే ఎక్కువే నొక్కాను.

వెనకభాగం ఒక్కసారిగా పక్కకి వెళ్ళిపోయింది. నా వైపు అద్దంలోంచి రోడ్డు కనబడాల్సిన చోట పక్కనున్న రెయిలింగ్ కనబడింది. డాష్‌బోర్డ్ మీద పసుప్పచ్చ దీపం టపటపా కొట్టుకుంది, ఏదో చక్రానికి దానంతటదే బ్రేక్ పడింది, బండి ఒక ఊపు ఊగి తిన్నగా నిలబడింది. రెండు సెకన్లేమో మొత్తం. ఆ రెండు సెకన్లలో నేను చేసింది స్టీరింగ్ గట్టిగా పట్టుకోవడం, ఊపిరి బిగబట్టడం. మిగతాదంతా కంప్యూటరే చూసుకుంది. 2012 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఈ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి చేసిన మహానుభావులకి దండం పెట్టుకున్నాను.

మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తి, "నాన్నా, కావాలనే చేశావా?" అంది.

"ఆఁ" అన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చాక గరాజ్‌లో టార్చిలైటు పట్టుకుని టైర్ల ముందు చతికిలబడ్డాను. అరుగుదల చూస్తే పెద్దగా లేదు. బండి అమ్మినాయన కూడా "టైర్లు దాదాపు కొత్తవే" అన్నాడు. ఇంతలో టైరు పక్కగోడ మీద డాట్ అని మొదలయ్యే వరస చివర నాలుగంకెలు కనబడ్డాయి: 2816. అంటే 2016లో ఇరవై ఎనిమిదో వారంలో తయారయిందని అర్థం. కారుతో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టైర్లే! ఎనిమిదేళ్ళు దాటాయి. అరుగుదల సంగతి ఎలా ఉన్నా ఆరేళ్ళకి టైర్లు మార్చమని ఓనర్స్ మాన్యువల్లోనే ఉంది. ఎవరు చదువుతారండీ మాన్యువల్?

పైగా నా బండి పెర్ఫార్మెన్స్ ప్యాకేజీది. దానికి వేసేవి సమ్మర్ టైర్లు. ఎండలో రోడ్డుని జిగురులా పట్టుకుంటాయి. 45 డిగ్రీల ఫారన్‌హీట్ కిందికొస్తే ఆ రబ్బరు బిర్రబిగుసుకుపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన పూతరేకు చందాన. ఒకపక్క వయసు, ఇంకోపక్క చలి, కింద తడి. నేను సూపర్‌చార్జర్ గురించి కలలు కంటున్నది ఈ నాలుగు టైర్ల మీద!

ఇక్కడ కాస్త లెక్క చెప్తాను, విసుక్కోకండి. కారు బరువు 3700 పౌండ్లు. అంత బరువూ రోడ్డుని తాకేది నాలుగే నాలుగు చోట్ల. ఒక్కో చోటు సుమారు మన అరచెయ్యంత. ఇంజన్ ఎంత శక్తి పుట్టించినా, బ్రేకులు ఎంత గట్టిగా పట్టినా, స్టీరింగ్ ఎంత తిప్పినా చివరికి పని జరగాల్సింది ఆ నాలుగు అరచేతుల్లోనే. ఆ పట్టు నెలజీతం లాంటిది. తిరగడానికీ, పరిగెత్తడానికీ, ఆగడానికీ అంతా అందులోంచే. జీతంలో దాదాపు అంతా మలుపుకే ఖర్చుపెట్టేసి, పైన యాక్సిలరేటర్‌కి ఇంకా బోలెడు కావాలంటే ఎక్కణ్ణించి వస్తుంది? ర్యాంపు మీద నేను చేసింది అదే. ఆ రోజు నాకు ఇంకో రెండొందల హార్స్‌పవర్ ఉండి ఉంటే అప్పు ఇంకా పెరిగేది, జీతం కాదు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ మాట ఇంకోలా చెప్పొచ్చు. ప్రోగ్రాం నిదానంగా నడుస్తోందంటే ముందు ప్రొఫైలర్ పెట్టి ఎక్కడ ఆగుతోందో చూడమని జూనియర్లకి నేనే క్లాసులు పీకుతుంటాను. సొంత బండి దగ్గరికొచ్చేసరికి ఏమీ కొలవకుండానే అన్నిటికంటే బాగా నడుస్తున్న భాగాన్ని, అంటే ఇంజన్ని, బాగుచెయ్యడానికి బయల్దేరాను.

అలా స్ప్రెడ్‌షీట్ చెరిపేశాను. కొత్త టైర్లు నాలుగూ, బిగింపూ కలిపి పదమూడొందల డాలర్లయ్యాయి. సమ్మర్ టైర్లే మళ్ళీ. చలికాలం బండి గరాజ్‌లోనే ఉంటుంది అనుకున్నాను కాబట్టి. చలిలో కూడా తిప్పాలనుకునేవాళ్ళు ఆల్ సీజన్ టైర్లన్నా వేయించుకోవాలి, మిషిగన్ లాంటి చోట మంచులో తిరగాలంటే వింటర్ టైర్ల సెట్టు వేరే ఉండాలి. పదమూడొందలు ఎందుకని మొదట్లో నేనూ గొణిగాను. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు!

టైర్ల తర్వాత బ్రేకులు. బ్రేక్ ఫ్లూయిడ్ మూత తీసి చూస్తే కాఫీ డికాషన్ రంగులో ఉంది. ఈ ద్రవం గాలిలోంచి తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. వేగంగా వెళ్తూ పదేపదే బ్రేక్ వేస్తే ఆ వేడి పుట్టడం ఎంతసేపు? ద్రవం మరిగి ఆవిరైతే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి మాత్రం ఆగదు. వేగం రెట్టింపయితే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుందని ఇంటర్ ఫిజిక్సులో మార్కుల కోసం చదువుకున్నాం కదా, అది ఇక్కడ పనికొచ్చింది. ఫ్లూయిడ్ మార్పించి, మంచి ప్యాడ్లు వేయించి, వీల్ అలైన్‌మెంట్ చేయించాను. మొత్తం అయిదొందల లోపే. మా ఊరి రోడ్ల గుంతలు తల్చుకుని, బండిని కిందికి దించే స్ప్రింగులకి నమస్కారం పెట్టేశాను.

మా ఆఫీసులో ఒక మిత్రుడు ఇదంతా విని పెదవి విరిచాడు. "మజిల్ కార్ కొనేది మలుపులు తిరగడానికా? తిన్నగా దూసుకుపోవడానికి. ఆ మాత్రానికి మియాటా కొనుక్కోవాల్సింది" అన్నాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ తిన్నగా దూసుకుపోయే డ్రాగ్ రేసుల వాళ్ళని అడగండి, వాళ్ళు కూడా ముందు వెనక టైర్లే మారుస్తారు. లేకపోతే చక్రం తిరుగుతుంది, పొగ వస్తుంది, పక్కవాడు వెళ్ళిపోతాడు. పైగా తిన్నగా వెళ్ళిన బండి ఎక్కడో అక్కడ ఆగాలి కదా!

ఇక మూడోది, అన్నిటికంటే చవకైనదీ, అన్నిటికంటే కష్టమైనదీ. 2025 వసంతంలో ఆటోక్రాస్‌కి వెళ్ళాను. పెద్ద పార్కింగ్ లాట్‌లో నారింజరంగు కోన్లు పెట్టి దారి గీస్తారు, ఒక్కో కారే వెళ్ళాలి, స్టాప్‌వాచీ మీద టైము. తప్పు చేస్తే కోన్ పడుతుంది, అంతే. నా మొదటి పరుగు 67 సెకన్లు. నేర్పించడానికి నా పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన రిటైరయిన మెషినిస్టు. రెండు పరుగులు చూసి, "ఒకసారి నేను నడపనా?" అన్నాడు. అదే కారు, అవే టైర్లు. 61 సెకన్లు! నాకు నోట మాట రాలేదు. ఆరు సెకన్లు ఆ కారులో ఎప్పట్నుంచో ఉన్నాయి, నా దగ్గరే లేవు. ఏ సూపర్‌చార్జర్ ఇస్తుందండీ ఆ చిన్న మైదానంలో ఆరు సెకన్లు? రోజు ముగిసేసరికి నేను 64కి దిగాను. ఖర్చు డెబ్భై డాలర్లు, కాస్త అహంకారం.

మరి ఎగ్జాస్ట్ సంగతి? అబద్ధమెందుకు, వేయించాలనే ఉంది. వీ8 గొంతు వినడం కోసమే సగం మంది ఈ బండి కొంటారు, అందులో తప్పేం లేదు. కాకపోతే అది సరదా కింద రాసుకోవాలి, పెర్ఫార్మెన్స్ కింద కాదు. క్యాటలిటిక్ కన్వర్టర్ జోలికి మాత్రం పోకండి. మిషిగన్‌లో పొగ పరీక్షలు లేవు కదా అని కొందరు పీకేస్తారు గానీ, దేశమంతటికీ వర్తించే చట్టం ప్రకారం అది నేరమే. ఇంజన్ ట్యూన్ కూడా ఎప్పుడో చేయిస్తానేమో. టైర్లూ, బ్రేకులూ, నేనూ దానికి సరిపోయేంత అయ్యాక.

అన్నట్టు, మా అమ్మాయి ఈమధ్య డ్రైవింగు నేర్చుకుంటోంది. మాన్యువల్ గేర్లు నేర్పమని ఒకటే గొడవ. ఓ ఆదివారం పొద్దున్న ఖాళీ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళాను. తాళాలు చేతికిచ్చేముందు, ముందు దిగి నాలుగు టైర్లూ చూసి రమ్మన్నాను. అంకెలు ఎలా చదవాలో చూపించాను. అప్పుడు ఉండబట్టలేక అన్నాను, "ఆ రోజు ర్యాంపు మీద నేను కావాలని చెయ్యలేదే. నాకు చేతకాలేదు."

"తెలుసు నాన్నా. నీ మొహం చూశాగా" అంది సీటు ముందుకి జరుపుకుంటూ.

మీ దగ్గర మస్టాంగ్ ఉన్నా లేకపోయినా, ఈ వారాంతం ఒక్కసారి గరాజ్‌లోకెళ్ళి టైరు మీద ఆ నాలుగంకెలూ చదవండి. మా మినీవ్యాన్‌వి చదివితే 1117 అని ఉంది. అందులోనే పిల్లల్ని ఎక్కించుకుని మేం ఇన్నాళ్ళూ ఊరంతా తిరిగింది.